118 కిలోల మనిషికి మొదటి మౌంటెన్ బైక్: ముందు వెనక చక్రం చూడండి

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. బరువు 118 కిలోలు, చిన్నప్పటి తర్వాత మళ్ళీ సైకిలు ముట్టుకోలేదు, ఇప్పుడు మట్టి దారుల్లో, కొండ బాటల్లో తొక్కాలని ఉంది. షాపులో ఒకాయన ఏ బండైనా మోస్తుందిలెండి అన్నాడు, మీ ఫ్రెండేమో ఫుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా కుదుపు మింగే స్ప్రింగులున్నది) కాకుండా ఇంకేది కొన్నా విరిగి చేతికొస్తుందన్నాడు. ఈ రెంటి మధ్యా మీరు ఏదీ తేల్చుకోలేక ఆగిపోయారు. నా లెక్కలో ఇద్దరి మాటా పక్కన పెట్టేయొచ్చు. ఏ బండైనా మోయదు, అలాగని ఫుల్ సస్పెన్షన్ అక్కర్లేదు. నేనూ మూడంకెల బరువుతోనే తొక్కుతాను, పైగా చక్రాలు కట్టడం, బెండు తీయడం నా చేతి పని, కాబట్టి బరువైనవాళ్ళ బళ్ళలో ఏవి పోతాయో దగ్గర నుంచి చూస్తూనే ఉంటాను. కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ భయం సంగతి తేలుద్దాం. బరువైనవాళ్ళందరూ ఫ్రేమ్ విరుగుతుందేమో అని భయపడతారు. నేను చూసినంతలో ఫ్రేమ్ దాకా రాకముందే మిగతావి లొంగిపోతాయి. మొదట వెనక చక్రం స్పోకులు, తర్వాత వెనక ఇరుసు, ఆ తర్వాత ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, అదీ చవకదైతే, పెడల్ ఇరుసు, సీటు కింద కడ్డీలు. ఫ్రేమ్ ఎక్కడో చివర ఉంటుంది. కానీ షాపుకెళ్తే మనకి చూపించేవి ఫ్రేమ్ రంగు, గేర్ల సంఖ్య, బండి ఎంత తేలికో. 118 కిలోల మనిషికి బండి ఒక కిలో తగ్గితే ఒరిగేదేం లేదండీ, ఆ డబ్బు వెనక చక్రానికీ, బ్రేకులకీ, ఫోర్కుకీ వెళ్ళాలి. నేను చెప్పబోయేదంతా దాదాపు ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇక బరువు పరిమితి. ప్రతి మంచి కంపెనీ తన మాన్యువల్లో ఇది రాస్తుంది, కొనేముందు చదవడం మాత్రం అరుదు. చాలా మౌంటెన్ బైకులకి 300 పౌండ్లు, అంటే 136 కిలోలు అని ఉంటుంది, కొన్నిటికి ఇంకా తక్కువ. ఆ అంకె దేనికో జాగ్రత్తగా చూడండి. కొందరు మనిషి బరువు ఒక్కటే రాస్తారు, ఎక్కువమంది మాత్రం మనిషి, సైకిలు, సంచి, నీళ్ళు, హెల్మెట్ అన్నీ కలిపి రాస్తారు. మీ లెక్క వేసి చూడండి: మీరు 118, బండి 15, నీళ్ళూ పనిముట్లూ బూట్లూ కలిపి ఇంకో 3. మొత్తం సరిగ్గా 136. అంటే మీరు గీత మీద నిలబడి ఉన్నారు. దాటితే ఆ రోజే విరిగిపోతుందని కాదు, కంపెనీ పెట్టుకున్న భద్రతా మార్జిన్ మీకు మిగలదు, వారంటీ అడగాలన్నా నోరు పెగలదు. కొంచెం ఎక్కువ పరిమితి ఉన్న మోడళ్ళూ దొరుకుతాయి, వెతకండి. మోటారున్న ఈ-బైకు గురించి కూడా అడిగారు కదా, అక్కడ ఇదే చిక్కు: బండే 22, 25 కిలోలుంటే ఆ 136లో మీకు మిగిలేది చాలా తక్కువ. కాబట్టి దాని పరిమితి విడిగా కనుక్కోకుండా ముందుకెళ్ళొద్దు.

ఇంకో చోట కూడా చూడాలి. ఫ్రేమ్ మీదో మాన్యువల్లోనో బండి ఏ తరగతిదో రాసి ఉంటుంది, ఏఎస్‌టీఎం అనే సంస్థ ప్రమాణం ప్రకారం 1 నుంచి 5 వరకు అంకెలు వేస్తారు. 1 తారురోడ్డుకి. 2 కంకర దారికి, చక్రం 15 సెంటీమీటర్లు మించి ఎగిరి దిగకూడదు. 3 రాళ్ళూ వేర్లూ ఉన్న బాటలకి, 61 సెంటీమీటర్ల దాకా దిగుడు ఫరవాలేదు. మీకు కావలసింది 3. చూడ్డానికి లావు టైర్లు, ముందు సస్పెన్షన్, పక్కన కొండ బొమ్మ అన్నీ ఉండి, ఎక్కడో చిన్న స్టిక్కరు మీద 'రోడ్డు దాటి వాడరాదు' అని రాసి ఉండే బళ్ళు బోలెడున్నాయి. అవి మౌంటెన్ బైక్ వేషం కట్టిన రోడ్డు సైకిళ్ళు. అలాంటి స్టిక్కరు కనిపిస్తే ఇంకేం ఆలోచించకుండా పక్కకి జరగండి.

ఇప్పుడు అసలు సంగతి, వెనక చక్రం. సీట్లో కూర్చుంటే మన బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే పడుతుంది. చక్రం తిరిగే ప్రతి చుట్టులోనూ నేలకి ఆనుతున్న స్పోకులు ఒక్క క్షణం కాస్త వదులై మళ్ళీ బిగుస్తాయి. బరువు ఎక్కువైతే ఆ వదులు ఎక్కువ. స్పోకులు ముందే సరిగ్గా బిగించి లేకపోతే ఆ వదులూ బిగువూ లక్షలసార్లు జరిగి, చక్రం నడుమ ఉండే హబ్బు దగ్గర వంపు తిరిగే చోట లోహం అలిసిపోయి టప్పున తెగుతుంది. స్పోకు బరువుకి తెగదు, వదులుకి తెగుతుంది. చాలామందికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది, వదిలేస్తే మెత్తగా ఉంటుంది కదా అంటారు. ఒకటి తెగితే దాని భారం పక్కవాటి మీద పడుతుంది, దాన్ని అలాగే తొక్కితే వాటి వంతు కూడా తొందర్లోనే వస్తుంది.

అందుకని కొనేటప్పుడు వెనక కనీసం 32 స్పోకులు ఉండాలి, 36 దొరికితే అదృష్టం. రిమ్ము రెండు గోడలది, డబుల్ వాల్ అంటారు, అదే కావాలి. 28 స్పోకుల చక్రాలు చూడ్డానికి నాజూగ్గా ఉంటాయి, మనకొద్దు. వీటన్నిటికంటే ముఖ్యం చక్రం ఎలా కట్టారన్నది. మామూలు ధరల్లో వచ్చే బళ్ళకి చక్రాలు మెషీన్ మీద కట్టి వస్తాయి, గుండ్రంగానే తిరుగుతాయి, కానీ బిగువు ఒక్కో స్పోకుకి ఒక్కో రకంగా ఉంటుంది. షాపులోనే మీరు చూసుకోవచ్చు: వెనక చక్రంలో ఒకే వైపున్న, దాదాపు పక్కపక్కనే వెళ్ళే రెండు స్పోకుల్ని బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకుని నొక్కండి. చక్రమంతా తిరుగుతూ అలాగే ఒక్కో జతా నొక్కుకుంటూ పోండి. ఒక జత గట్టిగా, పక్క జత మెత్తగా తగిలితే చక్రం సరిగ్గా లేదని అర్థం. కుడివైపు, అంటే గేర్ల వైపు, ఎడమవైపు కంటే గట్టిగా ఉండటం మామూలే, అది చూసి కంగారు పడకండి. పోల్చాల్సింది ఒకే వైపువాటిని. కొన్న రోజే చక్రాలు తెలిసిన మెకానిక్ చేతికిచ్చి, బిగువు సమానం చేసి కొంచెం పెంచమనండి. కొత్త స్పోకులు మొదట్లో సర్దుకుంటాయి కాబట్టి నాలుగైదు సార్లు తొక్కాక మళ్ళీ ఒకసారి చూపించండి. ఈ పని చేయించినవాళ్ళ చక్రాలు ఏళ్ళ తరబడి నిలుస్తాయి, చేయించని వాళ్ళు నా దగ్గరికి తెగిన స్పోకుతో వస్తారు.

చక్రంలోనే ఇంకొకటి, షాపువాళ్ళు చెప్పనిది. వెనక పళ్ళ చక్రాల గుత్తి రెండు రకాలు: ఫ్రీవీల్, క్యాసెట్. ఫ్రీవీల్ అయితే ఆ గుత్తంతా మరలాగా హబ్బు మీదికి ఎక్కుతుంది, కుడివైపు బేరింగు గుత్తికి లోపలి వైపున ఉండిపోతుంది. అంటే బేరింగుకీ ఫ్రేముకీ మధ్య ఇరుసు చాలా దూరం ఆధారం లేకుండా వేలాడుతుంది. మన బరువుతో ఒక రాయి మీంచి దబ్బున దిగితే వంగేది ఆ ముక్కే. క్యాసెట్ హబ్బుల్లో చాలావాటికి బేరింగు బయటి చివర దగ్గర్లో ఉంటుంది, ఇరుసు వంగే సందే తక్కువ. గుర్తుపట్టడం తేలిక. అన్నిటికంటే చిన్న పళ్ళ చక్రం మధ్యలో పనిముట్టు దూరడానికి గాట్లు ఉంటాయి. పెడల్ని వెనక్కి తిప్పుతూ ఆ గాట్ల వైపు చూడండి. గాట్లు పళ్ళతో పాటు తిరిగితే క్యాసెట్, అవి కదలకుండా పళ్ళు మాత్రమే తిరిగితే ఫ్రీవీల్. వెనక ఏడు గేర్లున్న చవక బళ్ళు దాదాపుగా ఫ్రీవీల్‌తోనే వస్తాయి. మట్టి బాటల్లో తొక్కాలనుకునే 118 కిలోల మనిషి ఫ్రీవీల్ బండి కొనకూడదు, ఇక్కడ నేను సర్దుబాటుకి ఒప్పుకోను. దొరికితే చక్రం చేత్తో విప్పే క్విక్ రిలీజ్ కాకుండా, ఫ్రేము లోంచి దూరి బిగిసే లావు ఇరుసు, త్రూ యాక్సిల్ అంటారు, అది ఉన్న బండి చూడండి.

ఫ్రేమ్ దగ్గరికి వస్తే, అల్యూమినియం హార్డ్‌టెయిల్. అంతే. హార్డ్‌టెయిల్ అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్నది. మీ ఫ్రెండ్ చెప్పిన ఫుల్ సస్పెన్షన్ మంచి వస్తువే, కానీ మంచి ఫుల్ సస్పెన్షన్ ఖరీదు, చవక ఫుల్ సస్పెన్షన్ అంటే బరువైన ఫ్రేమ్, బలహీనమైన చక్రాలు, మనం ఎక్కగానే పూర్తిగా కుంగిపోయే వెనక స్ప్రింగు. వెనక స్ప్రింగు బదులు గాలి షాక్ ఉన్నా దానికి గరిష్ఠ పీడనం ఉంటుంది, మన బరువుకి కావలసిన గాలి ఆ హద్దు దాకా పోవచ్చు. పైగా కదిలే కీళ్ళలో బుష్షులు, పివట్ బేరింగులు, వాటి సర్వీసు. మొదటి బండికి ఇంత తలనొప్పి వద్దు. కార్బన్ సంగతా? బరువు పరిమితిలో ఉంటే కార్బన్ ఫ్రేమ్ మన బరువుకేం భయపడదు, కాకపోతే ఆ డబ్బుకి ఇంకా మంచి చక్రాలు వస్తాయి.

ముందు ఫోర్కు మాత్రం గాలిది కావాలి, ఎయిర్ ఫోర్క్. చవక ఫోర్కుల్లో స్టీలు స్ప్రింగు ఉంటుంది, అది ఒక మోస్తరు బరువున్న మనిషిని ఊహించుకుని పెట్టింది. మీరెక్కగానే సగం దాకా కుంగుతుంది, బ్రేకు వేస్తే మిగతా సగం కూడా, అప్పుడు హ్యాండిల్ ముందుకి మునిగి మనల్ని తోసేస్తుంది. పైన 'ప్రీలోడ్' అని ఒక మీట ఉంటుంది, దాన్ని తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందనుకుంటారు. గట్టిపడదు, మొదట్లో కాస్త ఆలస్యంగా కుంగుతుంది, అంతే. గాలి ఫోర్కుకైతే మనకెంత కావాలో అంత కొట్టుకుంటాం. పైనుండే గొట్టాలు, స్టాంచియన్లు, 28 లేదా 30 మి.మీ. మందం అయితే సన్నం, మలుపుల్లో వంగి ఊగుతాయి. 32 ఫరవాలేదు, 34, 35 ఉంటే హాయి. ట్రావెల్, అంటే ఫోర్కు కుంగే మొత్తం దూరం, 120 నుంచి 140 మి.మీ. చాలు.

ఫోర్కు సెట్ చేసుకోవడం ఒకసారి నేర్చుకోండి, జీవితాంతం పనికొస్తుంది. మామూలు పంపు వద్దు, చిన్న షాక్ పంపు కొనాలి. ఫోర్కు కాలు మీద కంపెనీ ఒక పట్టిక అంటిస్తుంది, మీ బరువు అందులో లేకపోతే ఉన్నదాంట్లో ఆఖరి గడి నుంచి మొదలుపెట్టండి, అక్కడే రాసిన గరిష్ఠ పీడనం మాత్రం దాటకండి. హెల్మెట్, సంచి, నీళ్ళతో సహా బండెక్కి, గోడకి చెయ్యి ఆనించి, పెడల్స్ మీద నిలబడి, బాటలో దిగేటప్పుడు ఎలా ఉంటారో అలా వంగండి. గొట్టం మీద సన్నటి రబ్బరు రింగు ఉంటుంది, లేకపోతే ఒక జిప్ టై వదులుగా చుట్టండి. దాన్ని కింది సీలు దాకా ఎవరిచేతైనా తోయించి, కుదుపు లేకుండా దిగి, రింగు ఎంత జరిగిందో కొలవండి. 120 మి.మీ. ఫోర్కుకి 18 నుంచి 24 జరగాలి, అంటే 15 నుంచి 20 శాతం. ఎక్కువ జరిగితే గాలి పెంచండి. గాలి పెంచినకొద్దీ ఫోర్కు తిరిగి పైకి లేచే వేగం కూడా పెరుగుతుంది, గుర్రంలా ఎగరేస్తుంది. అందుకే కింద ఉండే ఎర్ర మీటని, దాని మీద చాలావాటికి కుందేలు, తాబేలు బొమ్మలుంటాయి, తాబేలు వైపు రెండు మూడు క్లిక్కులు తిప్పాలి. ఈ రెండో పని మరచిపోయి 'ఎయిర్ ఫోర్క్ కూడా బాలేదు' అని తిట్టుకునేవాళ్ళే ఎక్కువ.

బ్రేకులు హైడ్రాలిక్ డిస్క్. కేబుల్‌తో లాగే డిస్కులు పనిచేయవని కాదు, పొడుగాటి దిగుడులో వేళ్ళు నొప్పెడతాయి. లెక్క చూడండి, ఒకే వాలు ఒకే వేగంతో దిగినా, బండితో కలిపి 90 కిలోలున్నవాళ్ళ బ్రేకు మింగే వేడికి మన 136 కిలోల బ్రేకు మింగేది ఒకటిన్నర రెట్లు. బ్రేకు బలమంటే మనకి ఆపగలగడం ఒక్కటే కాదు, ఆ వేడిని తట్టుకోగలగడం కూడా. అందుకే రోటర్, అంటే బ్రేకు పట్టుకునే ఆ డిస్కు, ముందు 180 మి.మీ. ఉండాలి, వెనక కూడా 180 అయితే మంచిదే. 160 ఉన్న బండి నచ్చితే అడాప్టర్ పెట్టి మార్చుకోవచ్చు, ఫోర్కు ఎంత రోటర్ దాకా ఒప్పుకుంటుందో మాత్రం చూడండి. డిస్కుని నొక్కే ప్యాడ్లు రెసిన్‌వి బదులు మెటల్‌వి వేడికి ఆగుతాయి. కానీ చవక రోటర్ల మీద 'రెసిన్ ప్యాడ్లకే' అని రాసి ఉంటుంది, అలాంటివాటికి మెటల్ ప్యాడ్లు వేస్తే రోటర్ తొందరగా అరిగిపోతుంది. కొత్త బ్రేకు మొదటి రోజు పట్టదు, దాన్ని చూసి టెన్షన్ పడొద్దు. ఖాళీ చదును దారిలో ఓ మోస్తరు వేగం అందుకుని, చక్రం బిగుసుకోకుండా నడక వేగానికి తగ్గించడం, మళ్ళీ వేగం, మళ్ళీ తగ్గించడం, ఇలా ముందు బ్రేకుకి ఓ పదిహేను ఇరవై సార్లు, వెనకదానికీ అంతే. ఆ తర్వాత పట్టు ఎలా మారుతుందో మీకే తెలుస్తుంది.

టైర్లు 2.4 అంగుళాల వెడల్పు, అంతకంటే లావు పడితే ఇంకా మంచిది, పక్కగోడ మందంగా ఉన్నవి. గాలి తక్కువైతే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి, పాము కాటు అంటారు దాన్ని. మన బరువుకి అది మామూలు పంక్చర్. ట్యూబుతో అయితే వెనక 35 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, ముందు ఒకట్రెండు తక్కువ పెట్టి చూడండి. ట్యూబ్‌లెస్ చేయించుకుంటే 30కి అటూ ఇటూ దిగొచ్చు, పట్టు బాగా పెరుగుతుంది. టైరు మీద, రిమ్ము మీద రాసిన గరిష్ఠాల్లో చిన్నది ఏదైతే అదే హద్దు. రిమ్ము నేలకి ఠంగుమని తగిలిన శబ్దం వస్తే రెండు పీఎస్ఐ పెంచండి. వేలితో నొక్కి అంచనా వేయకుండా గేజ్ పెట్టి చూడండి, ఈ పీడనాల్లో వేలికి తేడా తెలియదు.

గేర్ల గురించి రెండు మాటలే. ముందు ఒకే పళ్ళ చక్రం, 30 లేదా 32 పళ్ళు, వెనక పెద్దది 46 నుంచి 51 దాకా ఉంటే ఎక్కుడులో బతుకుతాం. గేర్లు ఎన్నున్నాయో కాదు, అన్నిటికంటే తేలిక గేరు ఎంత తేలికో అదే చూడండి. క్రాంకు, అంటే పెడల్ బిగించే చెయ్యి, చతురస్రపు ఇరుసు మీద బిగించే రకమైతే మొదటి రోజుల్లో ఆ బోల్టు వదులవుతుంది, వదులుగా తొక్కితే క్రాంకు రంధ్రం అరిగి ఇక బిగియదు, అప్పుడు క్రాంకే మార్చాలి. పెడల్స్ బండితో వచ్చే ప్లాస్టిక్‌వి తీసి పారేసి, క్రోమోలీ స్టీలు ఇరుసున్న వెడల్పాటి ఫ్లాట్ పెడల్స్ వేయించండి.

సైజు విషయంలో ఎత్తు ఒక్కటే చూసి ఇచ్చేస్తారు. మనకి పొట్ట కూడా ఉంటుంది, సిగ్గెందుకు. హ్యాండిల్ మరీ కిందకి ఉంటే పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ తొడ పొట్టకి తగిలి మోకాలు బయటకి పోతుంది, ఊపిరి కూడా సరిగ్గా ఆడదు. రెండు సైజుల మధ్య ఉంటే హ్యాండిల్ ఎత్తుగా ఉన్నది తీసుకోండి, లేదా పైకి లేచి ఉండే హ్యాండిల్ బార్ మార్పించండి. క్రాంకు పొడవు 175 బదులు 165 మి.మీ. పెట్టిస్తే మోకాలు పైకి వచ్చే ఎత్తు ఒక సెంటీమీటరు తగ్గుతుంది, వినడానికి చిన్నదే, తొక్కితే తెలుస్తుంది. సీటు మెత్తగా ఉండాలని జెల్ కవరు వేసేవాళ్ళున్నారు, వద్దు. మెత్తటి సీట్లో పిర్ర ఎముకలు దిగబడి మధ్యలో నరాలు నొక్కుకుంటాయి, తిమ్మిరి వస్తుంది. ఆ ఎముకల మధ్య దూరానికి సరిపడే వెడల్పున్న, కాస్త గట్టి సీటు, కింద స్టీలు కడ్డీలది, దాంతో ప్యాడ్ ఉన్న షార్ట్స్. సీటు గొట్టం మీద కనీసం ఇంత లోపల ఉండాలని గీత ఉంటుంది, మన బరువుకి ఆ గీత దాటి ఒక మిల్లీమీటరు పైకి తీసినా అది ప్రమాదమే.

ఇక తొక్కడం. బరువైనవాళ్ళం సీట్లోనే కూర్చుని గతుకులన్నీ మింగేద్దాం అనుకుంటాం, చక్రం చచ్చిపోయేది అక్కడే. బాట గతుకుగా మారగానే రెండు పెడల్సూ నేలకి సమాంతరంగా పెట్టి, వాటి మీద లేచి నిలబడండి. మోకాళ్ళు, మోచేతులు కొంచెం వంచి, నడుం దగ్గర వంగి, మడమలు కిందకి. బరువంతా పాదాల మీద ఉండాలి, చేతుల మీద కాదు. చేతులు తిమ్మిరెక్కుతున్నాయంటే చేతుల మీద వాలుతున్నారని అర్థం. అప్పుడు సైకిలు మీ కింద దాని దారిన అది ఎగురుతుంటుంది, మీ తల మాత్రం దాదాపు ఒకే ఎత్తులో వెళ్తుంది. మొదట్లో తొడలు ఒక నిమిషానికే మండుతాయి, మండితే ఆగండి, ఊపిరి తీసుకోండి, మళ్ళీ ఎక్కండి. దీన్ని ముందు చదును గడ్డి మైదానంలోనో ఖాళీ స్థలంలోనో సాధన చేయండి, బాటలోకి వెళ్ళాక నేర్చుకుందాంలే అనుకోవద్దు.

బ్రేకు ఒక వేలితో. ముందు బ్రేకు అంటే భయపడి వెనకదే పట్టుకునేవాళ్ళు ఎక్కువ, కానీ ఆపే బలంలో సింహభాగం ముందుదే. భయం ఉన్నది బ్రేకు గట్టిగా వేయడం వల్ల కాదు, ఒక్కసారిగా గుంజడం వల్ల. బ్రేకు మలుపుకి ముందే పూర్తి చేయాలి, మలుపులో ఉండగా కాదు. మన బరువుకి బండి వేగం పట్టుకుంటే వదలదు, అందుకని మిగతావాళ్ళు బ్రేకు వేసే చోటికంటే కాస్త ముందే వేయండి, వాళ్ళ వెనకాలే వెళ్ళేటప్పుడు ఎడం ఎక్కువ ఉంచండి. పొడుగాటి దిగుడులో బ్రేకు సగం నొక్కి అలాగే కిందదాకా రావొద్దు. గట్టిగా వేసి వేగం తగ్గించి, వదిలి, మళ్ళీ వేయండి, ఆ వదిలిన కాసేపట్లో రోటర్ చల్లారుతుంది. లివర్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగకపోతే ప్యాడ్లు కాగిపోయాయి, ఆగి చల్లారనివ్వండి. లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తుంటే లోపల ద్రవం మరిగిందో, గాలి చేరిందో అయి ఉంటుంది. అప్పుడు దిగి నడిపించుకుంటూ రండి, దాంట్లో నామోషీ లేదు. ఆగిన వెంటనే రోటర్ ముట్టుకుని చూడకండి, వేలి తోలు లేచిపోతుంది.

ఎక్కుడులో మాత్రం కూర్చునే తొక్కండి, సీటు ముందు అంచుకి జరిగి, ఛాతీ కొంచెం కిందకి వంచి. లేచి నిలబడితే వెనక చక్రం జారుతుంది. గేరు ఎత్తు మొదలవకముందే తేలిక చేసుకోవాలి. సగం ఎక్కాక, కాలి బలమంతా పెడల్ మీద వేసి గేరు మారిస్తే గొలుసు కటకటమంటుంది, తెగడానికి ఇంతకంటే మంచి దారి లేదు. మార్చే ఆ ఒక్క చుట్టులో కాలు తేలిక చేయండి. ఊపిరి సంగతికొస్తే, పక్కవాళ్ళతో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత వేగంలో ఉంటే మొదటి నెలల్లో చాలు, మాట తెగుతోందంటే ఎక్కువైనట్టే. గుండె, బీపీ, మోకాళ్ళ సమస్య ఏదైనా ఉంటే డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి. తొక్కేటప్పుడు మోకాలి ముందు భాగం నొప్పి పెడుతుంటే చాలాసార్లు సీటు కిందకి ఉండటమే కారణం, కొంచెం పైకి తీసి చూడండి. మొదటి వారాలు ఎక్కి దిగడానికి ధైర్యం కోసం సీటు దించి తొక్కుతారు, అది ఫరవాలేదు, కానీ అలవాటయ్యాక పైకి తీయడం మరచిపోకండి.

ఎగరడాలూ, గట్ల మీంచి దూకడాలూ గురించి కూడా అడిగారు. అడ్డొచ్చిన గట్టు మీంచి చక్రాలు నేల వదలకుండా దొర్లించుకుంటూ దిగడం వచ్చేదాకా వాటి జోలికి పోవద్దు. తర్వాత కూడా మన బండి 3వ తరగతిదని, ఆ 61 సెంటీమీటర్లు తేలిగ్గా దిగేవాళ్ళని కూడా కలుపుకుని రాసిన గరిష్ఠమని గుర్తు పెట్టుకోండి. వేర్లూ రాళ్ళూ వచ్చినప్పుడు ముందు చక్రం తగిలే క్షణంలో కొంచెం పైకి లేచినట్టు బరువు తేలిక చేయడం వస్తే, రిమ్ములకి అదే పెద్ద ఉపకారం.

ప్రతిసారీ బయల్దేరేముందు టైరు గాలి, బ్రేకు లివర్, రెండు చక్రాల ఇరుసుల బిగువు చూడండి. అప్పుడప్పుడు స్పోకుల్ని ఆ వేళ్ళతో నొక్కే పరీక్ష. తొక్కుతుంటే వెనక నుంచి టిక్ టిక్‌మని కొత్త శబ్దం వస్తే ఆగి చూడండి, చాలాసార్లు అది వదులైన స్పోకు. గొలుసు అరుగుదల కొలిచే చిన్న గేజు కొనుక్కోండి, 0.5 శాతం దగ్గర గొలుసు మారిస్తే క్యాసెట్ బతుకుతుంది, ఆలస్యం చేస్తే రెండూ మార్చాలి. మన కాలి బలానికి గొలుసులు తొందరగా సాగుతాయి.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా అన్నారు. తీసుకోవచ్చు, నిజానికి అదే డబ్బుకి ఎయిర్ ఫోర్క్, క్యాసెట్ హబ్బు, త్రూ యాక్సిల్ అన్నీ ఉన్న బండి రావడానికి మంచి దారి అదే. వెనక చక్రం తిప్పి బ్రేకు దగ్గర ఊగుతుందేమో చూడండి, ఫోర్కు గొట్టాల మీద గోటితో రాస్తే గీత తగులుతుందేమో చూడండి, తగిలితే సీలు కారుతుంది. ఫ్రేమ్‌లో వెల్డింగు పక్కన, ముఖ్యంగా ఫోర్కు పైభాగం దూరే హెడ్ ట్యూబు కింద, రంగు సన్నగా పగిలినట్టుంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు. కొన్నాక కొంచెం డబ్బు వెనకేసుకోండి, కొత్త వెనక చక్రం ఒకటి, 32 స్పోకులతో చేత్తో కట్టించినది, వేయించుకోవడానికి. పాత బండికి కూడా ఆ ఒక్క మార్పుతో మీరు నిశ్చింతగా తొక్కొచ్చు.